ఎవరని అడగని కొట్టు

మా కొట్లో అద్దం పగిలితే ఎవరు పగలగొట్టారని అడగరు. ఇది తాతయ్య పెట్టిన పద్ధతి. బల్ల మీదో, గుమ్మంలోనో, బండిలోంచి దించేటప్పుడో ఫెళ్ళున చప్పుడైతే ఎవరూ తలెత్తి చూడరు. దగ్గరున్నవాళ్ళు చీపురు తెస్తారు. తాతయ్య కూర్చున్న చోటినుంచే "ఇంకోటి తియ్యి" అనేవాడు. అంతే. తిట్టు లేదు, ఆరా లేదు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగాను. "ఎవరని అడిగితే చెయ్యి బెదురుతుందే పిల్లా. బెదిరిన చెయ్యి రెండో అద్దం పలకని కూడా పగలగొడుతుంది" అన్నాడు.

తాతయ్య పోయాక నాన్న ఆ పద్ధతిలో సగం మాత్రమే నిలబెట్టాడు. ఎవరని అడగడు. కానీ ఇంకోటి తియ్యమనీ అనడు. తనే లేచి వచ్చి, మన చేతిలోని అద్దం కోసే కట్టరు మెల్లగా లాక్కుని, కొత్త పలక తనే దించి తనే కోసేస్తాడు. ఆ మౌనం కంటే నాలుగు తిట్లే నయమనిపించేది.

ఈ పద్ధతి కొట్లోంచి ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో తెలీదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ చెయ్యలేదు, అన్నీ వాటంతటవే అయ్యాయి. పాలు పొంగాయి, చొక్కా చిరిగింది, తాళంచెవి పోయింది, పరీక్ష తప్పింది. అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో "అన్నం నేను మాడ్చేశాను" అంటే అందరూ ఆవిడ వైపు వింతగా చూశారట. "ఈ ఇంట్లో అన్నం కూడా తనంతట తనే మాడుతుంది కాబోలు అనుకున్నాను" అని చెప్పి నవ్వేది. కొన్నాళ్ళకి ఆవిడకీ మా భాష వచ్చేసింది.

ఒక ఏడాది గాలివానల కాలంలో మా తమ్ముడు మాత్రలతో పోలీసులకి పట్టుబడ్డాడు.

గాలివానల కాలమంటే మాకు పంటకాలం. ఊళ్ళో కిటికీలు విరిగితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పైకి అనకూడదు గాని, ఆకాశం నల్లబడే కొద్దీ నాన్న మొహంలో కళ వచ్చేది. కోయడం నాన్న పని. కొలతలు, ఫ్రేములు, వచ్చినవాళ్ళతో వాగడం నా పని. బండి తోలడం, కిటికీలకి అద్దాలు బిగించడం తమ్ముడి పని. కోత కూడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

అంతకుముందు ఏడాది ఒక పలక జారి వాడి మోచేతి కింద లోతుగా తెగింది. కుట్లు పడ్డాయి. డాక్టరు గట్టి నొప్పి మాత్రలు రాశాడు. గాయం మానింది. వాడే మానలేకపోయాడు. డాక్టరు ఇక రాయనన్నాక బస్టాండు వెనక ఎవరి దగ్గరో కొనడం మొదలుపెట్టాడట. మాకు తెలీదు. అంటే, అద్దం మీద వాడు గీసే గీత వంకరపోతోందని తెలుసు. కారణం లేకుండా కసురుతున్నాడని తెలుసు. చల్లటి గాలిలో కూడా చెమటలు పడుతున్నాయని తెలుసు. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. అడగని కొట్టు కదా మాది.

కోర్టు గది మా కొట్టుకంటే పెద్దదేం కాదు. బెంచీలు కూర్చుని కూర్చుని నున్నబడి ఉన్నాయి. జడ్జిగారి వెనక పై కిటికీలో ఒక అద్దం మూల నుంచి మూలకి బీట వారితే టేపు అంటించి వదిలేశారు. నాన్న చూపు వెళ్ళి దానికే అతుక్కుంది. కొడుకు బోనులో ఉంటే కిటికీ కొలతలు తీసుకుంటున్నాడేమిటి ఈ మనిషి అని నాకు ఒళ్ళు మండింది. తర్వాత అర్థమైంది, వాడి వైపు చూడలేక అటు చూస్తున్నాడని.

జడ్జిగారు మా అమ్మ వయసావిడ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని తమ్ముణ్ణి చూసింది.

"చదివింది విన్నావు కదా బాబూ. ఏమంటావు?"

"పొరపాటు జరిగిందండీ."

"ఎలా జరిగింది?"

"మాత్రలు... జేబులోకి వచ్చాయండీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు నవ్వలేదు. "నడుచుకుంటూ వచ్చాయా?"

"అంటే, నొప్పికని మొదలైందండీ. తర్వాత అలవాటైపోయింది."

"జరిగింది, వచ్చాయి, మొదలైంది, అయిపోయింది. ఇన్ని జరుగుతుంటే నువ్వెక్కడున్నావు బాబూ?"

వాడు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. పొగరు కాదది. నిజంగానే వాడికి ఆ మాట రాదు. మాలో ఎవరికీ రాదు. వాడి బదులు నన్ను నిలబెట్టినా నేనూ అదే చెప్పేదాన్ని.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఇది నీ మొదటి కేసు. ఎవరికీ అమ్మలేదు, నీకోసమే పెట్టుకున్నావని పోలీసులే రాశారు. కాబట్టి నీకు రెండు దారులున్నాయి. ఒకటి మామూలు విచారణ. నేరం రుజువైతే జైలు, కాకపోతే ఇల్లు. రెండోది, జైలు బదులు చికిత్స. రోజూ ఆస్పత్రిలో కౌన్సెలింగు, వారంవారం మూత్ర పరీక్ష, ఊరికి పనికొచ్చే పని ఏదైనా, ప్రతి శుక్రవారం ఇక్కడికొచ్చి నాతో మాట. ఈ వానలు వెళ్ళేదాకా నిలబడితే కేసు కొట్టేస్తాను. నీ పేరు మీద మచ్చ ఉండదు. నిలబడకపోతే, ఒప్పుకున్నవాడివి కాబట్టి విచారణ కూడా ఉండదు, నేరుగా జైలే. కానీ ఆ దారిలో అడుగు పెట్టాలంటే మొదటి మాట 'నేను' అవ్వాలి. 'జరిగింది' అనేవాడికి ఆ తలుపు తియ్యను. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

మర్నాడు లాయరు గారు కొట్టుకి వచ్చారు. చుట్టూ నిలబెట్టిన పలకల మధ్య, ఎటు కదిలితే ఏం విరుగుతుందోనని చేతులు దగ్గరికి ముడుచుకుని నిలబడి, చాలా ధైర్యంగా మాట్లాడారు.

"పొట్లానికి సీలు సరిగ్గా వెయ్యలేదు పోలీసులు. కేసు నిలబడదు. మీవాడు నోరు మూసుకుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఒప్పుకోవడమంటే తన వేలితో తన కన్ను పొడుచుకోవడమే."

నాన్నకి ప్రాణం లేచొచ్చింది. "విన్నావుగా?" అన్నాడు తమ్ముడితో.

నేను ఊరుకోలేదు. "బయటికొస్తాడు, సరే. వచ్చి ఎక్కడికెళ్తాడు నాన్నా? బస్టాండు వెనక్కేగా?"

"నువ్వు నోరు మూసుకో."

"అందరం నోళ్ళు మూసుకునే కదా ఇక్కడిదాకా వచ్చాం."

"ఏమే, పదిమందిలో నిలబడి ఇంటి సంగతి ఒప్పుకోవాలా వాడు? మా నాన్న ఎప్పుడైనా ఎవర్నయినా అడిగాడా? ఇదేం న్యాయం, నేనే నేనే అని గుండెలు బాదుకుంటే తప్ప వదలరా?"

లాయరు గారు పలకలకి తగలకుండా పక్కకి జరుగుతూ వెళ్ళిపోయారు. తమ్ముడు బల్లకి పరిచిన గొంగళి మీద ఒక తుక్కు అద్దం ముక్క పెట్టుకుని కట్టరు చేతిలోకి తీసుకున్నాడు. స్కేలు పక్కన కట్టరు కొసనున్న చక్రం ఆనించాడు. చెయ్యి వణికి, గాజు మీద చక్రం టకటకమంది. నాన్న వెళ్ళి వాడి వేళ్ళ మధ్య నుంచి కట్టరు మెల్లగా తీసి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ మెల్లదనం చూసి నాకు ఏడుపొచ్చింది.

"నాన్నా, ఇలా వదిలేస్తే నేను చచ్చిపోతానేమో" అన్నాడు తమ్ముడు.

నాన్న వెళ్ళి బండికి తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు, అవి బిగించే ఉన్నా.

శుక్రవారం తమ్ముడు బోనులో నిలబడి, రెండు చేతులతో కట్టె పట్టుకుని చెప్పాడు. "నేను కొన్నానండీ. నేనే మింగాను. మానలేకపోతున్నాను."  అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి, "బండి దారికి అడ్డంగా పెట్టాను" అని గొణిగి బయటికెళ్ళిపోయాడు. బండి ఎవరి దారికీ అడ్డంగా లేదు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం కోర్టుకి వచ్చేవాడు గాని లోపల కూర్చునేవాడు కాదు. గుమ్మం దగ్గర, ఒక కాలు లోపల ఒక కాలు బయట అన్నట్టు నిలబడేవాడు.

తమ్ముడి మీద నిఘాకి వేసిన ఆఫీసరు ఒక సన్నటి మనిషి. వాన ఉన్నా లేకున్నా గొడుగుతోనే వచ్చేది కాబట్టి మాకు ఆవిడ గొడుగావిడ. మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, టీ వద్దని, నీళ్ళు చాలని, అందరినీ పిలిచి చెప్పింది.

"ఇంట్లో నొప్పి మాత్రలేమైనా ఉంటే నాకిచ్చెయ్యండి. తలనొప్పివైనా సరే, ఎవరివైనా సరే. వాడి ముందు పెట్టి వాణ్ణి పరీక్షించొద్దు. ఉన్నాయా?"

అమ్మ పోపు డబ్బా వెనక నుంచి ఏవో తీసిచ్చింది. నా పర్సులోవి నేనిచ్చాను.

"మీ దగ్గర?" అంది నాన్నతో.

"లేవు" అన్నాడు నాన్న, కుడి భుజం రుద్దుకుంటూ. పలకలు మోసి మోసి ఆ భుజం ఎప్పుడో అరిగిపోయింది. దాన్ని రుద్దుకోవడం మేము రోజూ చూసేదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత వినని వాళ్ళెవరు? కళ్ళ ముందు జరిగితే మాత్రం నాకు తట్టలేదు.

మొదటి వారాలు ఘోరంగా గడిచాయి. తమ్ముడు తిన్నది తిన్నట్టు కక్కేసేవాడు. ఒళ్ళంతా చీమలు పాకుతున్నాయని పెరట్లో అటూ ఇటూ తిరిగేవాడు. అమ్మ వాడి వెనకే తిరిగేది, చంటిపిల్లాడు నడక నేర్చుకుంటున్నట్టు. ఆస్పత్రికి పోయి వచ్చాక మధ్యాహ్నాలు బస్సు డిపోలో బస్సులు కడిగే పని. కోర్టు వేసిన పని అదే. తడిసి ముద్దై వచ్చేవాడు.

"ఏరా, ఎలా ఉంది ఉద్యోగం?" అనేదాన్ని.

"ఏనుగులకి స్నానం చేయించినట్టుందే అక్కా. ఇటు కడిగి పంపిస్తానా, అటు వాన బురదలో దొర్లి వచ్చేస్తాయి."

వాడి నోట పరాచికం విని ఎన్నాళ్ళైందో. నవ్వి, లోపలికెళ్ళి కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాను.

శుక్రవారాలు జడ్జిగారు అందరినీ ఒకటే అడిగేది, "ఈ వారం ఏం చేశావు?" అని. వాడిలాంటి వాళ్ళు ఇంకా కొందరుండేవాళ్ళు. ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. "ఈ వారం నేను ఒక రోజు ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్ళాను." "బస్టాండు వెనక వీధి దాకా నడిచాను, మలుపు దగ్గర నుంచి తిరిగొచ్చేశాను." తిరిగొచ్చానన్న రోజున ఆవిడ కలం కింద పెట్టి చప్పట్లు కొట్టింది. గదంతా కొట్టింది. గుమ్మం దగ్గర నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ భాష మెల్లగా ఇంట్లోకి కూడా వచ్చింది. ఒకరోజు అన్నాల దగ్గర వాడు ఉన్నట్టుండి, "అక్కా, నీ దువ్వెన నేను విరగ్గొట్టాను" అన్నాడు.

ఎవరి ముద్ద వాళ్ళ చేతిలో ఆగిపోయింది. అమ్మ కంగారుపడి, "విరిగిందిలేరా, పోనీ" అంది.

"విరగలేదమ్మా. నేను దాని మీద కూర్చున్నాను."

నాకు నవ్వాగలేదు. అమ్మ కూడా నవ్వింది. నాన్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. కోపమనుకున్నాం అప్పుడు.

కట్టరు మాత్రం వాడికి ఇవ్వలేదు. "చెయ్యి కుదుట పడనీ" అనేవాడు, అదీ అమ్మతో. నాన్న చొక్కా మారిస్తే కట్టరు కూడా జేబు మారేది.

వానాకాలం సగం దాటాక పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా మా గుమ్మం ముందుంది. కిటికీలు పోయినవాళ్ళు, కొట్టు అద్దాలు పోయినవాళ్ళు, పిల్లల మంచం మీద పెంకులు పడ్డాయని ఏడుస్తూ వచ్చినవాళ్ళు. బిగింపుకి తమ్ముడు లేడు కాబట్టి అదీ నాన్నే చూసుకోవాలి. చెయ్యి భుజం పైకి లేవడం లేదు. అయినా అంత బరువు ఎలా మోస్తున్నాడో అని ఆశ్చర్యపోయాను. పడవలసింది ఆశ్చర్యం కాదు, అనుమానమని ఇప్పుడు తెలుసు.

ఆ రోజు డిపోకి సెలవిచ్చారు. తమ్ముడు కొట్లోనే ఉన్నాడు. నాన్న బండెక్కుతూ, ఆ రోజుకి కోత అప్పజెప్పి నాకిచ్చిన కట్టరు చక్రం అరిగిపోయి కీచుమనడం విని, వెనక్కి తిరక్కుండానే వాడికి కేకేశాడు. "ఒరేయ్, పై అర మీద రేకు డబ్బాలో కొత్త చక్రాలున్నాయి. ఒకటి తీసి అక్కకియ్యి."

బండి వెళ్ళిపోయింది. తమ్ముడు స్టూలెక్కి డబ్బా మూత తీశాడు. మా వైపు వీపు పెట్టి అలాగే నిలబడ్డాడు. "దొరకలేదా?" అన్నాను. "దొరికింది" అన్నాడు. దిగి చక్రం నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం వాడు చాలా హుషారుగా ఉన్నాడు. నలుగురి పని ఒక్కడే చేశాడు.

పొద్దున నాన్న ఆ డబ్బా దించి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"చక్రాలు తగ్గాయా నాన్నా?"

"లేదు. ఉన్నాయి."

మూత పెట్టి తమ్ముడి వైపు చూశాడు. వాడు చీపురు పట్టుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. నాన్న అడగలేదు. వాడు చెప్పలేదు. డబ్బా మళ్ళీ పై అర మీదికి వెళ్ళింది.

శుక్రవారం గొడుగావిడ మా వైపు చూడకుండా నేరుగా జడ్జిగారి దగ్గరికెళ్ళింది. పరీక్షలో మందు తేలిందని చదివి కూర్చుంది.

జడ్జిగారు తమ్ముణ్ణి పిలిచింది. "ఏం చేశావు?"

"నేను మాత్రలు మింగానండీ. రెండు." వెంటనే చెప్పాడు. ఆ మాట కోసమే వారమంతా ఊపిరి బిగబట్టినట్టున్నాడు.

"ఎవరి దగ్గర కొన్నావు?"

"కొనలేదండీ."

"మరి?"

వాడు కట్టె మీద చేతులు సర్దుకున్నాడు. "దొరికాయండీ."

ఇన్ని వారాలుగా ఆ గదికి వస్తున్నవాళ్ళందరికీ ఆ మాట తెలుసు.  జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ మొదటికి వచ్చావా బాబూ? మింగినందుకు నిన్ను పంపించెయ్యను. జారిపడ్డం ఈ దారిలో ఉన్నదే. మొదటి రోజు నుంచీ చెబుతున్నాను, దాచితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. నీకు అమ్మినవాణ్ణి నువ్వు కాపాడుతుంటే నేను నిన్ను కాపాడలేను. ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండీ. దొరికాయి."

"ఆఖరుసారి అడుగుతున్నాను."

 పోలీసాయన గోడ దగ్గర నుంచి కదిలి బోను పక్కకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. చెప్పరా, నీకు దణ్ణం పెడతాను, చెప్పు అని లోపల అరుస్తున్నాను. అప్పుడు గమనించాను, వాడు ఆ గదిలో ప్రతివైపూ చూస్తున్నాడు, గుమ్మం వైపు తప్ప. రేకు డబ్బా, స్టూలు మీద వాడి వీపు, వంటింట్లో భుజం రుద్దుకున్న చెయ్యి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అమ్మేవాణ్ణి కాదు వాడు కాపాడుతున్నది.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. నాన్న బెంచీల మధ్య నుంచి ముందుకి నడిచి వచ్చాడు. బోను దాకా వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలీక, వాడి పక్కనే కింద నిలబడ్డాడు.

"అమ్మా, అవి కొట్లో డబ్బాలో ఉండిపోయాయండీ" అన్నాడు. ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. "కాదు. నేను దాచాను. నా భుజానికి డాక్టరిచ్చినవి. ఈవిడొచ్చి అడిగినప్పుడు లేవని నేనే చెప్పాను. ఆ డబ్బా తియ్యమని వాడికి చెప్పింది కూడా నేనే. తొందరలో మరిచి... మరిచిపోయాను."

"ఎందుకు దాచారు?"

"అవి లేకపోతే చెయ్యి లేవదండీ. ఇది మా సీజను."

ఇంకేదో అనబోయి మానేశాడు. జేబులో చెయ్యి పెడితే ముందు కట్టరు వచ్చింది. దాన్ని ఎడం చేతిలోకి మార్చుకుని, మళ్ళీ వెతికి, మాత్రల అట్ట తీసి గొడుగావిడకి ఇచ్చాడు. అంటే పొద్దున బయల్దేరేటప్పుడే డబ్బాలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడన్నమాట. తమ్ముడు "నాన్నా" అన్నాడు, చిన్నగా. నాన్న తలెత్తలేదు.

జడ్జిగారు ఆ అట్ట వైపు ఒకసారి చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చెప్పింది. తమ్ముడికి వానాకాలంతో అయిపోదు, చలికాలం కూడా పొడిగించాలి. డిపో పని రెట్టింపు. మళ్ళీ దాస్తే ఎవరు అడ్డమొచ్చినా జైలే. "ఇక మీరు" అంది నాన్నతో. "మీ భుజానికి వేరే వైద్యం ఉంటుంది, ఆఫీసరు గారు చూపిస్తారు. ఇక్కడికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డం కుదరదు. ముందు బెంచీలో కూర్చోవాలి."

"అలాగేనండీ" అన్నాడు నాన్న. వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాడు. మా వంతు అయిపోయినా, మిగతావాళ్ళందరూ లేచి చెప్పేదాకా అలాగే కూర్చున్నాడు.

చలికాలం చివర కేసు కొట్టేశారు. వాడి పేరు మీద మచ్చ లేదు. జడ్జిగారు చప్పట్లు కొట్టింది, ఈసారి నాన్న కూడా కొట్టాడు. ఆవిడ వెనక పై కిటికీకి టేపు అప్పటికీ అలాగే ఉంది. ఆ రోజు సంతోషమే. కానీ నా మట్టుకు నాకు ఆ కాలం గుర్తుండేది దానికంటే ముందు, నాన్న ఒప్పుకున్న ఆ శుక్రవారం మర్నాటితో.

ఆ శనివారం పొద్దున కొట్లో పని కుప్పపడి ఉంది. నాన్న పలక దించబోయి, చెయ్యి సగం దాకా లేచి ఆగిపోతే, పళ్ళు బిగించి చేతిని దించేశాడు. మాత్రలు లేవు కదా. కాసేపు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి కట్టరు తీసి బల్ల మీద తమ్ముడి ముందు పెట్టాడు.

"నువ్వు గియ్యి."

తమ్ముడు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేనూ వాడూ కలిసి పలక దించి గొంగళి మీద పరిచాం. కొలత నేను చెప్పాను. చక్రం కిరసనాయిల్లో ముంచి స్కేలు వెంట లాగాడు. గీత బాగా పడితే గుడ్డ చింపినట్టు సన్నగా ఒకటే చప్పుడొస్తుంది. వాడిది అలాగే మొదలైంది. చివరికొచ్చేసరికి అనుమానమొచ్చింది. ఆగి, చక్రం మళ్ళీ అదే గీత మీద నడిపాడు. అది చెయ్యకూడదు. గీత ఒక్కసారే గియ్యాలి, రెండోసారి నడిపితే పలక ఎటు విరుగుతుందో దానికే తెలీదు. వాడు రెండు వేళ్ళతో అంచు పట్టుకుని వంచాడు. పలక గీతని వదిలేసి అడ్డంగా, ఫెళ్ళున పోయింది.

నేను తలెత్తలేదు. అమ్మ వెనక గదిలో పుట్టీ కలుపుతూ చెయ్యి ఆపింది. చీపురు కోసం వంగాను. నాన్న కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. వస్తాడు, వాడి చేతిలోని కట్టరు మెల్లగా తీసుకుంటాడు అనుకున్నాను.

"నేను పగలగొట్టాను నాన్నా" అన్నాడు తమ్ముడు. "గీత మీద రెండోసారి నడిపాను."

నాన్న వచ్చాడు. బల్ల మీద ముక్కల్ని చూశాడు, వాడి చేతిని చూశాడు. వాడు కట్టరు తనే తిరిగి ఇచ్చెయ్యబోయాడు. నాన్న అందుకోలేదు. వాడి వేళ్ళని దాని చుట్టూ ముడిచి వదిలేశాడు.

"ఇంకోటి తియ్యి" అన్నాడు.